ఇక్కడ పెరిగిన పిల్లలు ఇక్కడే ఉండాలి!

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ తెలుగువారికి విన్నపం



ఈ కాగితం మీకు గుడి దగ్గరో, ఇండియన్ స్టోర్ ముందో అంది ఉంటుంది. మడిచి జేబులో పెట్టకండి. నిలబడ్డ చోటే చదవండి. ఇది మీ పిల్లల సంగతి కూడా.

రెండేళ్లకో, ఆరేళ్లకో అమ్మానాన్నల చెయ్యి పట్టుకుని ఈ దేశం వచ్చి, కాగితాలు లేకుండా పెరిగిన పిల్లలు లక్షల్లో ఉన్నారు. మెక్సికో నుంచి, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, పెరూ, కొరియా, ఫిలిప్పీన్స్ నుంచి, మన దేశం నుంచి కూడా వచ్చారు. కొందరి తల్లిదండ్రులు సరిహద్దు దాటారు. కొందరు విజిటర్ వీసా మీద వచ్చి, గడువు అయిపోయాక ఉండిపోయారు. పిల్లలు మాత్రం మన పిల్లల పక్క బెంచీలోనే కూర్చున్నారు, గుండె మీద చెయ్యి వేసుకుని అదే జెండాకు వందనం చేశారు. డ్రైవింగ్ లైసెన్సుకో, కాలేజీ దరఖాస్తుకో సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగిన రోజునే చాలామందికి తెలిసింది, ఈ దేశం లెక్కలో తాము లేమని. వాళ్లనే డ్రీమర్లు అంటున్నారు.

వాళ్లకోసం చట్టం అడగడం మొదలైంది ఒక ఆసియా పిల్ల వల్లే. తెరెసా లీ అనే కొరియన్ అమ్మాయి బ్రెజిల్‌లో పుట్టి, పసితనంలోనే షికాగో చేరింది. పియానోలో గొప్ప ప్రతిభ ఉన్న పిల్ల. సంగీత కళాశాలలకు దరఖాస్తు పెట్టబోతే కాగితాలు లేవన్న నిజం బయటపడింది. సెనేటర్ డిక్ డర్బిన్ ఆఫీసు ఆమె తరఫున ఇమిగ్రేషన్ వాళ్లను అడిగితే వచ్చిన జవాబు: దేశం విడిచి వెళ్లి పదేళ్లు బయట ఉండాలి. తనకు తెలియని వయసులో తెచ్చిన పిల్లకు పదేళ్ల వెలి! 2001 ఆగస్టులో డెమోక్రాట్ డర్బిన్, రిపబ్లికన్ ఆరిన్ హాచ్ కలిసి డ్రీమ్ యాక్ట్ బిల్లు పెట్టారు. సెప్టెంబరు 12న దాని మీద సెనేట్‌లో విచారణ జరగాల్సి ఉంది. ముందురోజే న్యూయార్క్‌లో ఆ ఉగ్రదాడి ఘోరం జరిగింది. విచారణ ఆగిపోయింది. బిల్లు ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా చట్టం కాలేదు.

2010 డిసెంబరులో అంచుదాకా వచ్చింది. ప్రతినిధుల సభలో 216 మంది ఔనన్నారు, 198 మంది కాదన్నారు. సెనేట్‌లో 55 మంది ఔనన్నారు, 41 మంది కాదన్నారు. అయినా ఓడిపోయింది, ఎందుకంటే అక్కడ చర్చ ముగించడానికే 60 ఓట్లు కావాలి. అయిదు ఓట్లు! గ్యాలరీలో కూర్చుని చూస్తున్న పిల్లల బతుకులు ఆ అయిదు ఓట్ల దగ్గర ఆగిపోయాయి.

చట్టం రాకపోతే 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం డాకా అనే ఏర్పాటు చేసింది. పదహారేళ్లు నిండకముందే వచ్చి, 2007 జూన్ 15 నుంచి ఇక్కడే ఉంటూ, చదువుకుంటున్నవాళ్లకూ చదువు పూర్తిచేసినవాళ్లకూ, పెద్ద నేరాలేవీ లేకపోతే రెండేళ్లపాటు దేశం నుంచి పంపించివేయకుండా రక్షణ, పని చేసుకునే అనుమతి ఇస్తారు. రెండేళ్లకోసారి మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ వేలిముద్రలు వేయాలి. ఎనిమిది లక్షల మందికి పైగా దీన్ని పొందారు. నర్సులయ్యారు, టీచర్లయ్యారు, ఇళ్లు కొనుక్కున్నారు, వాళ్లకూ ఇక్కడే పిల్లలు పుట్టారు. కానీ ఇది గ్రీన్ కార్డ్‌కు దారి చూపదు. రెండేళ్లకు మించిన భరోసా ఇవ్వదు. 2017లో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేయబోతే, 2020లో సుప్రీంకోర్టు ఆ రద్దు పద్ధతి ప్రకారం జరగలేదని 5-4 తీర్పుతో దాన్ని అడ్డుకుంది. 2021 జూలైలో మన టెక్సస్‌లోని ఫెడరల్ జడ్జి డాకాయే చట్టవిరుద్ధమన్నారు. అప్పటినుంచి కొత్తవాళ్లకు తలుపు మూసుకుపోయింది. 2025 జనవరిలో అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా దారుణం. దాని ప్రకారం టెక్సస్‌లో ఉన్న డాకా పిల్లలకు పంపించివేత నుంచి రక్షణ మిగిలినా, పని అనుమతి పోయే ప్రమాదం వచ్చిపడింది. ఉండొచ్చు గానీ సంపాదించుకోకూడదట! ఏం తిని ఉండాలి?

ఇంకో సంగతి గమనించండి. 2007 జూన్ తర్వాత ఏడాది పిల్లగా వచ్చిన అమ్మాయి ఇప్పుడు హైస్కూలు దాటుతోంది. ఆమెకు డాకా కూడా లేదు. ఏమీ లేదు.

మన ఇళ్లలో, మన వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "మనం లైనులో నిలబడి వచ్చాం, వాళ్లు లైను దాటి వచ్చారు." ఈ మాట అనేవాళ్ల బాధ మాకు తెలుసు. ప్రయారిటీ డేట్ కోసం ప్రతి నెలా వీసా బులెటిన్ తెరిచి చూసేవాళ్ల కష్టం చిన్నది కాదు. అయితే ఒక్క ప్రశ్న. ఆ పిల్లలు నిలబడాల్సిన లైను ఎక్కడుంది? చూపించండి. యజమాని స్పాన్సర్ చేయాలంటే చట్టబద్ధంగా ఉండి ఉండాలి. సొంత దేశం వెళ్లి దరఖాస్తు పెట్టుకుందామంటే 1996 చట్టం అడ్డం పడుతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక ఇక్కడ కాగితాలు లేకుండా ఏడాది దాటి ఉండి బయటికి అడుగు పెడితే, పదేళ్లు తిరిగి రానివ్వరు. ఆరు నెలలు దాటినా మూడేళ్లు. నిలబడనిచ్చే లైనే లేనప్పుడు, లైను దాటారని నింద వేయడం న్యాయమేనా?

"వీళ్లు మన పన్నుల మీద బతుకుతున్నారు" అనే మాట కూడా నిజం కాదు. డాకా ఉన్నా ఫెడరల్ విద్యార్థి సాయం రాదు, ఫుడ్ స్టాంపులు రావు. కాగితాలు లేనివాళ్లందరూ కలిసి ఒక్క 2022లోనే 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని పన్నుల విధాన సంస్థ ఐటెప్ లెక్కగట్టింది. సోషల్ సెక్యూరిటీకి కూడా కడుతున్నారు, ఆ పింఛను తమకు రాదని తెలిసీ.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం.

మన పిల్లలు హెచ్‌ఫోర్ డిపెండెంట్ వీసా మీద వచ్చారు. మూడేళ్లకు వచ్చి ఇక్కడే అక్షరాలు నేర్చారు. నాన్నకు గ్రీన్ కార్డ్ దరఖాస్తు ఉంది, ఐ-140 ఆమోదమూ అయింది. కానీ ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు భార్యాబిడ్డలతో కలిపి ఏడాదికి 1,40,000. ఏ దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వరు. పది లక్షలకు పైగా భారతీయులు వరుసలో ఉన్నారు. 2013లో ఫైలు వేసినవాళ్ల వంతు 2025లో వచ్చింది. ఈలోపు పిల్లకు 21 నిండుతుంది. అంతే, తండ్రి ఫైలులోంచి ఆమె పేరు జారిపోతుంది. ఎఫ్‌వన్ విద్యార్థి వీసాకు మారాలి, బయటి దేశం విద్యార్థిగా ఫీజు కట్టాలి. చదువు అయ్యాక స్వదేశం వెళ్లిపోతానని ఆ వీసాకు హామీ ఇవ్వాలి. ప్లేనోలో పెరిగిన పిల్ల గుంటూరుకు తిరిగి వెళ్తానని చెప్పాలి! ఆ తర్వాత హెచ్‌వన్ లాటరీ తగలకపోతే సామాను సర్దుకోవాలి. ఇలాంటి పిల్లలు దేశం మొత్తం మీద రెండున్నర లక్షలకు పైగా ఉన్నారని అంచనా. అందులో మన భారతీయ కుటుంబాల పిల్లలే ఎక్కువ.

డాకా షరతుల్లో ఒకటి చదివితే ఒళ్లు మండుతుంది. 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధమైన హోదా ఉండకూడదు. అంటే, అన్నీ సక్రమంగా పెట్టుకుని వచ్చిన మన పిల్లలకు, సక్రమంగా వచ్చినందుకే ఆ కాస్త రక్షణ కూడా లేకపోయింది. దీన్ని చూపించి మనల్ని రెచ్చగొట్టేవాళ్లున్నారు. "చూశారా, దొంగదారిన వచ్చినవాళ్లకు ఇచ్చారు, మీకు ఇవ్వలేదు" అని. ఆ మాటకు పడిపోకండి. మన పిల్ల పేరు ఫైలులోంచి తీసేసింది మెక్సికో పిల్లవాడు కాదు. 1990లో రాసి, ఆ తర్వాత అంకెలు మార్చని కోటాల చట్టం. ఆ పిల్లవాడి బతుకును తాకట్టులో పెట్టిందీ ఈ కాంగ్రెస్ నిర్లక్ష్యమే. ఇద్దరూ తల్లిదండ్రుల నిర్ణయంతో వచ్చినవాళ్లే, ఇద్దరికీ తెలిసిన ఊరు ఇదే.

2021 మార్చిలో ప్రతినిధుల సభ 228-197తో నెగ్గించిన అమెరికన్ డ్రీమ్ అండ్ ప్రామిస్ యాక్ట్‌లో ఈ రెండు రకాల పిల్లలకూ చోటు కల్పించారు. కలిపి అడగడం సాధ్యమేనని అక్కడే రుజువైంది. సెనేట్ దాన్ని ఓటుకే తీసుకోలేదు. హెచ్‌ఫోర్ పిల్లల కోసం విడిగా అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ అనే బిల్లు కూడా ఉంది. సెనేట్‌లో దాన్ని 2021లో పెట్టినవాళ్లు డెమోక్రాట్ అలెక్స్ పడీయా, రిపబ్లికన్ ర్యాండ్ పాల్. రెండు పార్టీల్లోనూ వినే చెవులున్నాయి. వినిపించాల్సిన గొంతులే తక్కువ.

గొంతెత్తితే ఏం జరుగుతుందో చూడండి. మనకు రెండు గంటల దూరంలో టైలర్ అనే ఊరుంది. 1977లో అక్కడి బడులు కాగితాలు లేని పిల్లవాడికి ఏడాదికి 1,000 డాలర్లు కట్టమన్నాయి. తోటల్లో, ఫ్యాక్టరీల్లో కూలి చేసుకునే తల్లిదండ్రులు ఎక్కడినుంచి తెస్తారు? నాలుగు కుటుంబాలు కోర్టుకెక్కాయి. కోర్టు నుంచే తమను సరిహద్దు దాటిస్తారన్న భయంతో సామాను కారులో వేసుకుని, తెల్లవారుజామున విచారణకు వచ్చారు. 1982 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4తో తీర్పు చెప్పింది: తల్లిదండ్రులు చేసినదానికి పిల్లల్ని శిక్షించకూడదు, బడి తలుపు మూయకూడదు. ఈ దేశంలో కాగితాలు లేని ప్రతి పిల్లా ఈరోజు బడికి వెళ్తోందంటే ఆ నాలుగు కుటుంబాల తెగువే కారణం. కానీ ఆ తీర్పు పన్నెండో తరగతితో ఆగిపోతుంది. 2001లో దేశంలోనే మొదటిగా ఈ పిల్లలకు ఇన్-స్టేట్ కాలేజీ ఫీజు ఇచ్చిన రాష్ట్రం టెక్సస్. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ. 2025 జూన్ 4న దీని మీద కేంద్రం కేసు వేసిన రోజే రాష్ట్రం ఒప్పేసుకుంది. ఆ హక్కును ఒక్క పూటలో కొట్టేశారు. ఇది మన రాష్ట్రం చేసిన పని. దీనికి మనం సిగ్గుపడాలి.

కాగితాలు పోవడం మనకు జరగదనుకోకండి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీని మూసేసినప్పుడు రోడ్డున పడ్డ విద్యార్థుల్లో ఎక్కువమంది మన ఆంధ్ర పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ప్రభుత్వమే నడిపిన దొంగ యూనివర్సిటీ వలలో 130 మంది పట్టుబడితే 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు. ఆ రోజుల్లో మన సంఘాలు లాయర్లను పెట్టాయి, చందాలు వేశాయి. ఎవరూ "లైను దాటారు" అనలేదు. మన బిడ్డల మీద చూపిన ఆ దయను పక్కింటి బిడ్డ దగ్గర ఎందుకు ఆపాలి?

మనవాళ్ల పాత కథ ఒకటి గుర్తుచేసుకోండి. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో ఈ దేశం వచ్చారు. భారతీయులు పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తేల్చిన కాలం అది. క్యాన్సర్ మందులకు బాట వేసిన ఆ మహానుభావుడు పౌరసత్వం లేకుండానే 1948లో కన్నుమూశారు. మనం ఇన్ని లక్షలమందిమి ఇక్కడికి రాగలిగింది 1965 ఇమిగ్రేషన్ చట్టం వల్ల. దానికి దారి వేసింది నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటం. దెబ్బలు తిన్నవాళ్లు వాళ్లు, లోపలికి వచ్చింది మనం. ఆ బాకీ తీర్చే వేళ ఇది.

కాబట్టి ఈ వారంలోనే కదలండి. 202-224-3121కి ఫోన్ చేయండి, అది కాంగ్రెస్ స్విచ్ బోర్డు. మన ఇద్దరు సెనేటర్లకూ, మీ ప్రాంత ప్రతినిధికీ కలపమనండి. ఫోనెత్తిన వాళ్లకు మీ పేరు, జిప్ కోడ్ చెప్పి, "డ్రీమర్లకూ, వీసాల మీద వచ్చి 21 దాటుతున్న పిల్లలకూ కలిపి పౌరసత్వానికి దారి చూపే చట్టం కావాలి" అనండి. రెండు నిమిషాల పని. ఓటు లేకపోయినా, హెచ్‌వన్ మీద ఉన్నా చేయొచ్చు. మీ ప్రాంతంలో ఉంటున్న మనిషిగా మీ మాట చెప్పుకునే హక్కు మీకుంది. పౌరసత్వం వచ్చినవాళ్లు ఓటరుగా నమోదు చేసుకోండి, ఓట్లడగడానికి మన సభలకు వచ్చే ప్రతి అభ్యర్థినీ మైకు ముందు ఇదే ప్రశ్న అడగండి. దండ వేసి పంపించేయకండి. తెలిసిన డాకా పిల్లలుంటే గడువుకు నాలుగైదు నెలల ముందే రెన్యువల్ పెట్టుకోమని చెప్పండి, ఫీజుకు చెయ్యి కలపండి. కాగితాల విషయంలో కన్సల్టెన్సీల మాట కాదు, లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయరు మాట వినమనండి.

చదివాక ఈ కాగితం పారేయకండి, పక్కవాళ్లకివ్వండి. సోమవారం పొద్దున ఆఫీసు పనిలో పడకముందే మొదటి ఫోన్ చేయండి. మీ పిల్ల పేరూ, పక్కింటి పిల్ల పేరూ కలిపి చెప్పండి.

ఇట్లు,
డాలస్ పరిసరాల తెలుగు తల్లిదండ్రులం కొందరం