గుడి కాగితం మీద తండా వేలిముద్ర

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల చుట్టూ గుడి కట్టాలనుకునే భక్త బృందాలకు ఒక అలవాటుంది. స్థలం ముందే చూసుకుంటారు. చందాలు ముందే వసూలు చేస్తారు. శంకుస్థాపన రాయి కూడా చెక్కించి పెట్టుకుంటారు. అన్నీ అయ్యాక తండాకు ఒక కాగితం వస్తుంది. పైన ‘గ్రామస్తుల సమ్మతి’ అని ఉంటుంది. నాయక్, కార్‌భారీ, ఇంకో పదిమంది సంతకాలు పెడితే తండా మొత్తం ఒప్పుకున్నట్టే లెక్క. దీన్ని మేము సమ్మతి అనం.

గుడి మీద మాకు పగ లేదు. మనవాళ్లు రుద్రారం గణేశ్ గడ్డకు పోతారు, బీరంగూడ గుట్ట ఎక్కుతారు, ఝరాసంగం పోయి కేతకీ సంగమేశ్వరునికి మొక్కుతారు. ఎవరి మొక్కు వాళ్లది. మా పేచీ అడిగే తీరుతోనే.

ఆ కాగితంలో ‘సంప్రదాయ ఆలయం’ అని రాస్తారు. ఎవరి సంప్రదాయం? గర్భగుడి, ధ్వజస్తంభం, గోపురం, ఆగమం చదివిన అర్చకుడు. అదొక సంప్రదాయం, కాదనం. మన సీత్లాకు కప్పు లేదు. చెట్టు కింద వరసగా ఏడు రాళ్లు, ఎదురుగా లూంక్డియా. ఆషాఢంలో ఒక మంగళవారం పశువులను తోలుకుపోయి, గుగ్రీ పెట్టి, మేకను కోసి వస్తాం. మధ్యలో అర్చకుడు లేడు, హుండీ లేదు, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న తగాదా లేదు. ఇదీ సంప్రదాయమే. మరి గుడి ప్లానులో ఈ ఏడు రాళ్లు ఎక్కడున్నాయి? ప్రహరీ లోపలా, బయటా? లోపలైతే మేకను కోయనిస్తారా? చదువుకున్న మన పిల్లలే కొందరు ‘రాళ్లదేముంది, పక్కకు జరపొచ్చు’ అంటున్నారు. గోపురాన్ని పక్కకు జరపమని వాళ్లు ఎవరినైనా అడగగలరా?

ఇంకో సంగతి చాలామంది చూడరు. మన రాష్ట్రంలో అమల్లో ఉన్న 1987 దేవాదాయ చట్టంలో గుడి కట్టించిన వ్యవస్థాపకుని కుటుంబానికి హక్కులున్నాయి. ధర్మకర్తల మండలిలో ఆ కుటుంబానికి చోటుంటుంది. తండా ఉమ్మడి జాగా ఇస్తుంది, మన ఆడవాళ్లు ఇటుకలు మోస్తారు, రాతిపలక మీద వ్యవస్థాపకుడిగా పట్నం దాత పేరు పడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత మన మనవడు ఆ జాగా గురించి అడిగితే వాళ్లు ఆ పలకను చూపిస్తారు. ఇచ్చిన చేతుల పేర్లు దాని మీద ఉండవు.

అనుమతి అనేది మనం కొత్తగా పెడుతున్న అడ్డంకి కాదు. రోడ్లు, పార్కులు, ప్రజల స్థలాల్లో అనుమతి లేని గుడి గానీ, మసీదు గానీ, చర్చి గానీ కొత్తగా కట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబర్ 29న చెప్పింది. మన ఊళ్ల నుంచి అమెరికా పోయిన పిల్లలను అడగండి, అక్కడ గుడి ఎట్లా కడతారో చెప్తారు. కాలిఫోర్నియాలోని చినో హిల్స్‌లో స్వామినారాయణ సంస్థ మందిరం కట్టాలనుకుంటే, శిఖరాల ఎత్తు మీద, బండ్ల రద్దీ మీద ఇరుగుపొరుగు అభ్యంతరాలు చెప్పారు. నగర మండలి ముందు వాదించుకొని 2004లో అనుమతి తెచ్చుకున్నారు. 2012లో మందిరం తెరిచారు. అక్కడి అభ్యంతరాల్లో కొన్నింటి వెనక పరాయివాళ్ల మీద చిన్నచూపు కూడా ఉండొచ్చు. అయినా భక్తులు వాళ్ల ముందు నిలబడి జవాబు చెప్పారు. అమెరికాలో పక్కింటి తెల్లాయనకు జవాబు చెప్పగలిగిన భక్తి, ఇక్కడ తండా ఆడమనిషికి ఎందుకు చెప్పలేదు?

సంతకం ఖరీదు ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. ఫ్యాక్టరీలు వస్తే బాగుపడతామన్నారు. నక్కవాగు నీళ్లు ఏమయ్యాయో పటాన్‌చెరు రైతులను అడగండి, 1990 నుంచి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు.

సంగారెడ్డి జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. 1996 పెసా చట్టం మనకు వర్తించదు. మన చేతిలో ఉన్నది 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీలైన తండాల గ్రామసభ ఒక్కటే. పట్నం వైపున్న ఊళ్లు మున్సిపాలిటీల్లో, గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి, అక్కడ అదీ లేదు. ఉన్నచోటనైనా దాన్ని పది సంతకాలకు అమ్ముకోవద్దు.

తమ్ముళ్లారా, టీచర్లారా, ఈసారి కాగితం వస్తే గ్రామసభ పెట్టమనండి. ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయినవాళ్లు కూడా వచ్చే రోజు చూసి పెట్టమనండి. కాగితాన్ని గోర్‌బోలీలో చదివి వినిపించండి. సర్వే నంబరు, వ్యవస్థాపకుని పేరు, హుండీ లెక్క, మండలిలో తండా ఆడవాళ్లకు ఎన్ని చోట్లు, సీత్లా చుట్టూ వదిలే జాగా ఎన్ని గజాలు, ఇవన్నీ తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి. ఒప్పుకుంటే పునాది తీసుకోనివ్వండి, మేమూ వచ్చి పార పడతాం. సభ వద్దంటే, చెక్కించిన శంకుస్థాపన రాయిని బండెక్కించి వెనక్కి పంపండి.