దొంగ చేతికి తాళాలు

"మీ అడ్మినిస్ట్రేటరు టాస్క్ మేనేజరును నిలిపివేశారు."

విండోస్ ఎక్స్‌పి కాలంలో ఇంట్లో కంప్యూటరు ఉన్నవారిలో ఈ అర్థం వచ్చే ఆంగ్లవాక్యాన్ని చూడనివారు అరుదు. వాక్యం మర్యాదగానే ఉంటుంది. వ్యాకరణదోషమూ లేదు. చిక్కంతా కర్త దగ్గరే. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకు అడ్మినిస్ట్రేటరెవరు? దాన్ని కొన్నవాడు, దుమ్ము తుడిచేవాడు, కరెంటు బిల్లు కట్టేవాడు. అతడేమో ఏదీ నిలిపివేయలేదు. మరి ఈ వాక్యంలో కర్త ఎవరు?

ఈ టపాలో నేను చెప్పదలచుకున్నవి రెండే ముక్కలు. ఒకటి: ఇంటి కంప్యూటరులోకి చొరబడి మన పనిముట్లకు అడ్డుపడే వైరసులు తమవంటూ తాళాలేవీ తెచ్చుకోవు. విండోస్ కట్టినవారే చేసిపెట్టిన తాళాన్ని, వారే తలుపుకు వదిలేసి వెళ్ళిన చెవితో వేస్తాయి. రెండు: కనుక ఆ తాళం తీయడం మంత్రవిద్య కాదు, ఇంటివారికి నేర్పదగిన విద్య. "ఫార్మాట్ కొట్టేద్దాం" అన్న తారకమంత్రాన్ని మొట్టమొదటే జపించే అలవాటు వల్ల మనవాళ్ళు పోగొట్టుకున్నన్ని రాతలు అసలు వైరసుల వల్ల పోయి ఉండవని నా నమ్మకం.

ముందు తాళం సంగతి. విండోస్‌కు రిజిస్ట్రీ అని ఒక పెద్ద చిట్టా ఉంది. ఏ కార్యక్రమం ఎలా నడవాలో, ఏది ఎవరికి కనబడాలో అంతా అందులో రాసి ఉంటుంది. అందులో 'పాలసీలు' అని ఒక అర. కార్యాలయాల్లో, కళాశాల ప్రయోగశాలల్లో, నెట్ సెంటర్లలో పదిమంది వాడే యంత్రాలను ఎవరూ కెలకకుండా ఉండటానికి దాన్ని ఏర్పరిచారు. టాస్క్ మేనేజరు తెరుచుకోకూడదంటే అక్కడ ఒక పేరు రాసి, దాని ఎదుట 1 అని వేస్తే చాలు. రిజిస్ట్రీని చూపే పనిముట్టునూ అలాగే కట్టేయవచ్చు. 'ఫోల్డర్ ఆప్షన్స్' అన్న వరుసను మెనూలోంచి మాయం చేయవచ్చు. చదవడానికి ఇంద్రజాలంలా ఉన్నా, జరిగేది ఒక పేరు ఎదుట ఒక అంకె వేయడం మాత్రమే.

నాకు మింగుడుపడని విషయం ఇక్కడుంది. ఆ పాలసీలను చేత్తో సరిచూసుకునే గ్రూప్ పాలసీ ఎడిటరు ఎక్స్‌పి ప్రొఫెషనల్‌లో ఉండేది, ఇళ్ళకోసమని అమ్మిన ఎక్స్‌పి హోమ్‌లో ఉండేది కాదు. పాలసీలు మాత్రం రెండింటిలోనూ చక్కగా పనిచేసేవి. అంటే ఇంటివాడికి తాళం ఇచ్చారు, తాళంచెవుల గుత్తి ఇవ్వలేదు. ఆపైన ఎక్స్‌పిని ప్రతిష్ఠించేటప్పుడు సృష్టించిన ఖాతాలన్నీ అడుగకుండానే అడ్మినిస్ట్రేటరు ఖాతాలయ్యేవి. పాలసీల అరలో రాసే హక్కు మామూలు ఖాతాకు లేదు, అడ్మినిస్ట్రేటరుకు ఉంది. వైరసు నడిచేది దాన్ని తెలియక నొక్కినవారి హక్కులతోనే. ఇల్లంతా అడ్మినిస్ట్రేటర్లే అయినప్పుడు లోపలికొచ్చిన దొంగ కూడా అడ్మినిస్ట్రేటరే. మన వాక్యంలో కర్త దొరికాడు.

ఈ దొంగల ప్రవర్తనను గమనిస్తే ఒక క్రమం కనబడుతుంది. 2005లో ఇండోనేషియాలో పుట్టిన బ్రాంటాక్ పురుగు ఫోల్డరు బొమ్మను ముఖానికి తగిలించుకుని వచ్చేది. ఫోల్డరనుకుని నొక్కితే అయిపోయినట్టే. రాగానే ఫోల్డర్ ఆప్షన్స్ తీసేసేది, రిజిస్ట్రీ ఎడిటరును కట్టేసేది. తెరిచిన కిటికీ శీర్షికలో తనకు గిట్టని మాట కనబడితే కంప్యూటరును ఉన్నపళంగా ఆర్పి వెలిగించేది. శాలిటీ అనే మరొకటి ఇంకో అడుగు వేసి, సేఫ్ మోడ్‌కు సంబంధించిన పద్దులనే రిజిస్ట్రీలోంచి చెరిపేసేది. 2008 నవంబరులో వచ్చిన కాన్‌ఫికర్ యాంటీవైరసు సంస్థల చిరునామాలకు దారి మూసేసింది. అది దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ మాటు వేసింది అదే ఏడాది అక్టోబరు 23న. మందు వచ్చిన తర్వాతే రోగం ప్రబలిందన్నమాట. వీటిలో ఏదీ ముందుగా మన రాతల జోలికి పోలేదు. ముందు మన కళ్ళకు గంతలు కట్టింది. ఏం నడుస్తోందో చూపేది టాస్క్ మేనేజరు, ఏం రాసి ఉందో చూపేది రిజిస్ట్రీ ఎడిటరు, దాచినదాన్ని చూపేది ఫోల్డర్ ఆప్షన్స్. మూడూ చూపు ఇచ్చేవే. దొంగ ముందుగా దీపం ఆర్పుతాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2009లో తెనాలిలో నాకు తెలిసిన విశ్రాంత తెలుగు మాస్టారొకరు రెండేళ్ళపాటు ఊరూరూ తిరిగి సేద్యపు మాటలు పోగుచేశారు. నాగలిలో ఒక్కొక్క భాగానికీ, నీటి మడవకూ, కుప్పనూర్పిడికీ వాడే మాటలు, అవి చెప్పిన రైతుల వయస్సులతో సహా. అన్నీ యూనికోడులో స్వయంగా టైపు చేసుకున్నారు. అచ్చు తీయించడానికి పెన్‌డ్రైవు పట్టుకుని ఒక దుకాణానికి వెళ్ళి వచ్చారు. మర్నాటికి ఫోల్డర్లు తెరిస్తే లోపల ఏమీ లేదు. దుకాణం కుర్రవాడు "అన్నీ పోయాయి సార్, ఫార్మాట్ చేయాల్సిందే" అని తీర్పు చెప్పాడు. నేను వెళ్ళేసరికి ఆయన ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నారు.

"అడ్మినిస్ట్రేటరంటే ఎవరు నాయనా?"

"మీరే మాస్టారూ."

"నేనెప్పుడు వద్దన్నాను?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది. ముందు అంతర్జాలపు తీగ పీకేశాం. ఏ పెన్‌డ్రైవూ తగిలించలేదు. తర్వాత ఆ విండోస్‌ను అసలు నిద్రలేపకుండా ఉబుంటు సీడీతో కంప్యూటరును నడిపాం. ఆ సీడీలను కనానికల్ సంస్థ 2011 వరకూ అడిగినవారికి ఉచితంగా తపాలాలో పంపేది. దొంగ నిద్రపోతున్నప్పుడు వేరే దీపంతో ఇల్లు వెదకడం లాంటిది ఈ పద్ధతి. విండోస్‌లో 'దాచినది' అన్న ముద్ర పడిన ఫైళ్ళు అక్కడ మామూలుగానే కనబడతాయి. మాస్టారి ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పురుగు వాటిని దాచి, అవే పేర్లతో తన నకళ్ళను ముందు నిలబెట్టింది. రెండేళ్ళ శ్రమ పదమూడు ఫైళ్ళలో భద్రంగా ఉంది. వాటిని మాత్రమే, ఒక్క ప్రోగ్రాము కూడా తోడు రాకుండా, కొత్త పెన్‌డ్రైవులోకి దించాం.

ఆ తర్వాతే దొంగను పట్టే పని. ఇక్కడ వరుస ముఖ్యం. చాలామంది నేరుగా పాలసీల అరకు వెళ్ళి 1ని 0 చేయబోతారు. క్షణంలో అది మళ్ళీ 1 అవుతుంది, ఎందుకంటే వేసినవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. ముందు వాడిని ఆపాలి. టాస్క్ మేనేజరు లేకపోయినా సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరరు ఆ పని చేస్తుంది. వైరసులు దాన్నీ పేరు చూసే గుర్తుపడతాయి కనుక ఫైలు పేరు మార్చి నడపాలి. పేరు మారిస్తే పోల్చుకోలేని కాపలావాడంటే నవ్వు రావచ్చు గానీ చాలాసార్లు అంతే. ఇక దొంగలు ఇద్దరుంటే ఒకడిని చంపగానే రెండోవాడు వాడిని బతికిస్తాడు. అందుకని ముందు ఇద్దరినీ స్తంభింపజేసి, ఆ తర్వాత ఒక్కొక్కరినీ ముగించాలి. ఆ పిమ్మట కంప్యూటరు వెలిగినప్పుడల్లా వాళ్ళను పిలిచే పద్దులు తీసేయాలి. అప్పుడు పాలసీల అంకెలు సరిచేయాలి. చివర దాచిన ఫోల్డర్లకు ఆ ముద్ర తొలగించాలి. ఆపు, పిలుపు తీసేయి, తాళం తీయి, సర్దు. వరుస తప్పితే పనంతా మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంతా చేసి, మర్నాడు ఆ కంప్యూటరును ఫార్మాటే చేశాం. ఇందులో వైరుధ్యం లేదు. ఒకసారి పరాయి చేతుల్లోకి వెళ్ళిన యంత్రాన్ని పూర్తిగా నమ్మకూడదన్న వాదన న్యాయమైనదే. 2005లో సోనీ బీఎంజీ వారి పాటల సీడీలు కంప్యూటర్లలో తమను తాము దాచుకునే రూట్‌కిట్‌ను చాటుగా దించుతున్నాయని మార్క్ రస్సినోవిచ్ బయటపెట్టాడు. కంటికి కనబడకపోతే లేనట్టేనన్న భ్రమ అప్పుడే తీరిపోవాలి. శాలిటీ వంటివి ప్రోగ్రాము ఫైళ్ళకే అంటుకుంటాయి, వాటిని ఒక్కొక్కటిగా కడగడం కంటే పారేయడం మేలు. కనుక ఫార్మాట్ వద్దనడం లేదు. అది అంత్యక్రియ, ప్రథమచికిత్స కాదు అంటున్నాను. ప్రాణం ఉందో లేదో చూడకుండా పాడె కట్టకూడదు కదా.

తెలుగు రాసేవారికి ఇందులో మరో కష్టం ఉండేది. ఎక్స్‌పిని కొత్తగా ప్రతిష్ఠిస్తే తెలుగు దానంతట అది రాదు. కాంప్లెక్స్ స్క్రిప్టుల పెట్టెలో టిక్కు పెట్టి, మళ్ళీ సీడీ వేస్తే తప్ప గౌతమి ఖతి దిగదు. ఆ సంగతి తెలియని దుకాణం నుండి ఇంటికి తిరిగివచ్చిన కంప్యూటరులో, అదృష్టవశాత్తూ మిగిలిన ఫైళ్ళు కూడా వరుసగా డబ్బాలై కనబడేవి. వైరసు తినేసిందనుకుని అలాంటి ఫైళ్ళను తుడిచేసినవారు నాకు తెలుసు. అక్షరం పోలేదు, అక్షరాన్ని చూపే కన్ను పోయింది. మళ్ళీ అదే కథ.

"మామూలు మనుషుల చేతికి రిజిస్ట్రీ ఇస్తే పాడుచేసుకుంటారు, తెలిసినవాళ్ళకే వదిలేయాలి" అనేవారున్నారు. కత్తిపీటతో వేలు తెగుతుందని వంటింటికి తాళం వేయం. ఎలా పట్టుకోవాలో నేర్పుతాం. పైగా 'తెలిసినవాళ్ళు' అన్న ముసుగులో కూర్చున్నది, మన ఊళ్ళలో, చాలాసార్లు ఒకే ఒక్క మందు తెలిసిన వైద్యుడు. ఆ దుకాణం కుర్రవాడిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గంటకు నాలుగు కంప్యూటర్లు చూడాల్సినవాడికి మాస్టారి నాగలి మాటల విలువ తెలిసే మార్గం లేదు. ఆ విలువ తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడు. కనుక ఎప్పుడు ఫార్మాట్ చేయాలో నిర్ణయించవలసిందీ అతడే.

ఇదంతా పాత పురాణం కదా అంటారేమో. విండోస్ కొంత బుద్ధి తెచ్చుకున్న మాట నిజం. 2007లో వచ్చిన విస్టా నుంచి, అడ్మినిస్ట్రేటరు పని చేయబోయే ముందు అనుమతి అడగడం మొదలైంది. పెన్‌డ్రైవు తగిలించగానే దానిలోనిది దానంతట అది నడిచే దురలవాటును విండోస్ 7లో మానిపించారు, పాత విండోస్‌లకు ఆ సవరణ 2011 ఫిబ్రవరిలో అందింది. ఎక్స్‌పికి ఆదరణ 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న ముగిసింది. ఉబుంటు సీడీతో మేము చేసిన పనిని, అంటే విండోస్‌ను లేపకుండా బయటినుంచి వెదకడాన్ని, ఇప్పుడు డిఫెండరులోని ఆఫ్‌లైన్ స్కాను చేసిపెడుతుంది.

కానీ దొంగ వృత్తి మానలేదు, వీధి మారాడు. ఇవాళ పెళ్ళి శుభలేఖ అనో, బండి చలానా అనో పేరు పెట్టుకుని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. దించుకోగానే 'యాక్సెసిబిలిటీ' అనుమతి అడుగుతుంది. చూపు లేనివారికి తెర చదివి వినిపించేటందుకు, చేతులాడనివారి బదులు మీటలు నొక్కేటందుకు పుట్టిన సదుపాయమది. దాన్ని పుచ్చుకున్న దొంగ మన బదులు తానే తెర చదువుతాడు, తానే నొక్కుతాడు. యాప్‌ను తొలగిద్దామని సెట్టింగులు తెరవబోతే ఆ పుట దానంతట అదే మూసుకుపోతుంది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 ఈ దారిని కొంత ఇరుకు చేసింది గానీ మూసేయలేదు. టాస్క్ మేనేజరు తెరవనివ్వని పాత దొంగకు ఇతడు సాక్షాత్తూ మనుమడు. మంచి పనికి చేసిన తాళం, యజమానికే వేశారు.

చికిత్స వరుస కూడా అదే. ముందు నెట్టు ఆపాలి. వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పాలి, డబ్బు పోయి ఉంటే 1930కి ఫోను చేయాలి. ఆ తర్వాత ఫోనును సేఫ్ మోడ్‌లో లేపితే బయటి యాప్‌లేవీ నడవవు. అప్పుడు దానికిచ్చిన అనుమతులు వెనక్కి తీసుకుని, దాన్ని తొలగించవచ్చు. ఫొటోలూ రాతలూ బయటికి తీసుకున్నాకే ఫోనును మొదటి స్థితికి మార్చే ఆలోచన.

కంప్యూటరులో ఇవాళ చేయదగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. రోజూ రాసుకోవడానికి, చదువుకోవడానికి అడ్మినిస్ట్రేటరు హక్కులు లేని మామూలు ఖాతా ఒకటి తెరిచి, అందులోనే కూర్చోండి. అడ్మినిస్ట్రేటరు ఖాతాను సంకేతపదంతో పక్కన పెట్టండి. రాతల నకలు ఒకటి, ఎప్పుడూ తగిలించి ఉంచని డిస్కులో దాచండి. పది నిమిషాల పని. ఆపైన ఎప్పుడైనా "మీ అడ్మినిస్ట్రేటరు నిలిపివేశారు" అని తెర మీద కనబడితే, ఆ అడ్మినిస్ట్రేటరు మీరో కాదో తేల్చుకోవడం సులువవుతుంది.