చప్పట్ల నడుమ కూలిన గద్దె

రుమేనియాను 24 ఏండ్లు ఏలిన నికోలాయ్ చౌషెస్కు 1989 డిసెంబర్‌ల పది దినాలు తిరగకముందే గద్దె దిగిండు, ప్రాణం పోగొట్టుకుండు. "ఎర్రజెండా పనైపోయింది" అని కొందరు, "అంతా బయటోళ్ల కుట్ర" అని కొందరు ఒక్క ముక్కల తేల్చేస్తరు. నాకైతే ఆ రెండు మాటలూ సాలవు.

ఆయన దొరల బిడ్డ కాదు. 1918ల స్కోర్నిచెస్తి అనే ఊర్ల రైతు ఇంట్ల పుట్టిండు. చిన్నతనంలనే బుకారెస్ట్ పోయి చెప్పులు కుట్టే పని నేర్సుకుండు. నిషేధంల ఉన్న పార్టీల చేరి జైళ్లు చూసిండు. 1965ల పార్టీకి పెద్ద అయిండు. 1968ల సోవియట్ ట్యాంకులు చెకొస్లొవేకియాల దిగితే, నడి బుకారెస్ట్‌ల నిలబడి అది తప్పని కుండబద్దలు కొట్టిండు. ఆనాటి చప్పట్లు అసలైనవి. ఆ సంగతి దాచొద్దు.

మరి యాడ చెడింది? 1971ల చైనా, ఉత్తర కొరియా తిరిగొచ్చినంక నాయకుని భజన పెరిగింది. 1974ల చేతిల రాజదండం పట్టుకొని అధ్యక్షుడయిండు. భార్య ఎలెనా ప్రభుత్వంల రెండో కుర్చీ దాకా ఎక్కింది. 1977ల జియు లోయ బొగ్గుగని కార్మికులు సమ్మె చేస్తే తానే పోయి మాటిచ్చిండు. ఆ తర్వాత ముందు నిలవడ్డోళ్లను ఏరి దూరం పంపిన్రు. కార్మికుల రాజ్యంల కార్మికుడే నోరు తెరవొద్దంటే, ఇంకెవ్వడు తెరుస్తడు?

ఫ్యాక్టరీల కోసం తెచ్చిన విదేశీ అప్పు దాదాపు వెయ్యి కోట్ల డాలర్లకు చేరింది. 1980లల్ల అదంతా తీర్చాలని పట్టుపట్టిండు. పండిన తిండి ఓడలెక్కింది, జనానికి రేషన్ మిగిలింది. గడ్డకట్టే చలిల ఇండ్లకు వెచ్చదనం కోసిన్రు. అదే టైముల బుకారెస్ట్‌ల బస్తీలకు బస్తీలు కూలగొట్టి మహా భవనం లేపిన్రు. 1989ల అప్పు తీరింది. కానీ జనం కడుపుకు పడ్డ బాకీ ఎవరు లెక్కగట్టాలె?

ఆ ఏడు నవంబర్ మహాసభల పార్టీ ఆయన్నే మళ్ల ఏకగ్రీవంగ ఎన్నుకున్నది. నెల తిరగలే. తిమిశోరాల జనం మీద తూటాలు పేలినయి. డిసెంబర్ 21న తనకు మద్దతుగ తానే పిలిపించుకున్న సభల గోల లేచింది. మైకు ముంగట చెయ్యెత్తి ఆగిపోయిండు. తెల్లారి హెలికాప్టర్ ఎక్కి పారిపోయిండు. 25న గంట సేపు విచారణ అనిపించి, ఆలుమగలిద్దరినీ కాల్చేసిన్రు. అది న్యాయం కాదు. "వద్దు" అనే మాటను ఇన్నేండ్లు తొక్కిపెడితే, అది చివరికి తూటా రూపంలనే బయటికొచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ! జెండా ఏ రంగుదైనా ఒక్కటి చూడుండ్రి. నాయకుణ్ణి ఎదురు ప్రశ్న అడిగినోడు మరునాడు అదే సంఘంల, అదే కుర్చీల కూసోగలుగుతున్నడా? కూసోలేకపోతుంటే, అక్కడి చప్పట్లను నమ్మకుండ్రి.