'బఫరింగ్ ఆఫ్' అన్నిటికీ మందు కాదు

ఏఐ చాట్ యాప్‌లు మనందరికీ ఒక అలవాటు చేశాయి. ప్రశ్న అడగగానే సమాధానం పదం పదం టైప్ అవుతూ కనపడాలి. అలా రాకపోతే యాప్ హ్యాంగ్ అయ్యిందేమో అనిపిస్తుంది. బీటెక్ ప్రాజెక్టుల్లో కూడా ఇప్పుడు ఇలాంటి చాట్‌బాట్‌లు మామూలైపోయాయి. చిక్కు ఎక్కడొస్తుందంటే, లాప్‌టాప్‌లో పదం పదం చక్కగా వచ్చిన సమాధానం, సర్వర్‌లో పెట్టి ఫోన్‌లో ఓపెన్ చేస్తే రాదు. పదిహేను సెకన్లు ఖాళీ స్క్రీన్, ఆ తర్వాత మొత్తం ఒకేసారి దబ్బున పడుతుంది. "ఫోన్ పాతదైపోయింది బ్రో" అని ఒకరు, "మా కోదాడలో సిగ్నల్ ఇంతే" అని ఇంకొకరు. కొత్త 5జీ ఫోన్ కొన్నా సరే, ఆ పదిహేను సెకన్లలో ఒక్కటి కూడా తగ్గదు.

ఎందుకంటే ఆ సమాధానాన్ని పట్టుకుని కూర్చున్నది ఫోన్ కాదు, మధ్యలో ఉన్న వెబ్ సర్వర్. చాలా సైట్లలో మన యాప్ ముందు ఇంజిన్ఎక్స్ ఉంటుంది. ఇగోర్ సిసోయెవ్ రాసిన ఈ సర్వర్ 2004లో బయటికొచ్చింది. ఒకేసారి వేల కనెక్షన్లను తక్కువ మెమరీతో మోయడం దీని బలం. ఇందులోని ప్రాక్సీ మాడ్యూల్ మన యాప్ ఇచ్చే రెస్పాన్స్‌ని ముందు తన బఫర్లలో నింపుకుని, ఆ తర్వాత ఫోన్‌కి పంపుతుంది. డిఫాల్ట్‌గా ఇది ఆన్‌లోనే ఉంటుంది. చాట్‌బాట్ ఇచ్చే చిన్న చిన్న ముక్కలు బఫర్ నిండేదాకా అక్కడే ఆగిపోతాయి. సమాధానం చిన్నదైతే పూర్తయ్యేదాకా బయటికే రాదు.

నెట్‌లో వెతికితే మందు రెండు నిమిషాల్లో దొరుకుతుంది: సైట్ మొత్తానికి 'ప్రాక్సీ బఫరింగ్ ఆఫ్' పెట్టేయండి అని. పెడితే చాట్‌బాట్ నిజంగానే పనిచేస్తుంది, అందరూ హ్యాపీ. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. ఆ ఒక్క లైన్ చాట్‌బాట్‌ని బాగుచేసి మిగతా సైట్‌ని పాడుచేస్తుంది. అది కూడా ముందుగా మన ఊళ్ల జనానికే తగులుతుంది.

ఎలాగో చూడండి. సీజన్‌లో మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల లైన్ చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. మిల్లులో దింపుకోడానికి జాగా ఉంటే ట్రాక్టర్ లోడ్ పోసేసి ఇంకో ట్రిప్పుకి వెళ్లిపోతుంది. జాగా లేకపోతే మిల్లు ఆడే స్పీడ్‌కి తగ్గట్టు రోడ్డు మీదే నిలబడాలి. ఇక్కడ ట్రాక్టర్ అంటే మన యాప్ వర్కర్, జాగా అంటే ఇంజిన్ఎక్స్ బఫర్, మిల్లు ఆడే స్పీడ్ అంటే అవతలి ఫోన్‌కి అందే నెట్ స్పీడ్. బఫరింగ్ ఆఫ్ చేయడమంటే మిల్లు ముందున్న జాగాని మూసేయడమే.

లెక్క వేద్దాం. ఒక పేజీ 500 కేబీ అనుకోండి. యాప్ దాన్ని 50 మిల్లీసెకన్లలో తయారు చేస్తుంది. హైదరాబాద్-విజయవాడ హైవే మీద సూర్యాపేట దాటి కోదాడ వైపు వెళ్లే బస్సులో ఒకరికి 2 ఎంబీపీఎస్ అందుతోందనుకుందాం. అంటే సెకనుకి 250 కేబీ, ఆ పేజీ దిగడానికి 2 సెకన్లు. బఫర్ ఉంటే వర్కర్ 50 మిల్లీసెకన్లలో ఫ్రీ అయిపోతుంది, మిగతా 2 సెకన్ల మోత ఇంజిన్ఎక్స్ చూసుకుంటుంది. అలాంటి వర్కర్లు 10 ఉంటే సెకనుకి 200 రిక్వెస్టులు. బఫర్ లేకపోతే ఒక్కో వర్కర్ దాదాపు 2 సెకన్లు ఇరుక్కుంటుంది, సెకనుకి సుమారు 5 రిక్వెస్టులే. సర్వర్ అదే, కోడ్ అదే, తేడా 40 రెట్లు. నెట్ స్లోగా ఉన్నవాళ్లు ఎంత మంది వస్తే సర్వర్ అంత తొందరగా కుప్పకూలుతుంది.

"మా ప్రాజెక్ట్ చూసేదే పది మంది, దీనికింత లెక్కలా?" అనొచ్చు. నిజమే, మామూలు రోజుల్లో తేడా తెలీదు. కానీ కాలేజ్ ఫెస్ట్ రిజిస్ట్రేషన్ ఓపెన్ అయిన నిమిషమో, రిజల్ట్ లింక్ వాట్సాప్ గ్రూపుల్లో పడ్డ నిమిషమో ఆ పది మంది రెండు వేలవుతారు. అందరూ ఫోన్లలోనే, అందరూ ఒకేసారి. మనం పెట్టిన సెట్టింగ్‌కి అసలు పరీక్ష అప్పుడే.

మరి చాట్‌బాట్ సంగతి? దానికి వేరే దారి ఉంది, పైగా తేలిక. బఫరింగ్‌ని సైట్ మొత్తానికి కాదు, ఒక్కో రెస్పాన్స్‌కి కంట్రోల్ చేయొచ్చు. మన యాప్ స్ట్రీమింగ్ సమాధానం పంపేటప్పుడు 'ఎక్స్-యాక్సెల్-బఫరింగ్: నో' అనే హెడర్ జోడిస్తే చాలు. ఇంజిన్ఎక్స్ ఆ ఒక్క రెస్పాన్స్‌ని ఆపకుండా వచ్చింది వచ్చినట్టు వదిలేస్తుంది. మిగతా పేజీలన్నీ ఎప్పటిలా బఫర్ గుండానే వెళ్తాయి. పీహెచ్‌పీ కోసం వాడే ఫాస్ట్‌సీజీఐ మాడ్యూల్ కూడా ఇదే హెడర్‌ని పాటిస్తుంది. కాకపోతే పీహెచ్‌పీకి సొంత అవుట్‌పుట్ బఫర్ వేరే ఉంటుంది, దాన్ని కూడా కోడ్‌లో ఫ్లష్ చేయాలి. స్ట్రీమ్ నడిచినంతసేపూ ఒక కనెక్షన్ తెరిచే ఉంటుంది కాబట్టి, ఆ భాగాన్ని అసింక్ పద్ధతిలో రాసుకోవడం మంచిది.

ఏ రెస్పాన్స్ ఎలా వెళ్లాలో తెలిసేది దాన్ని తయారుచేసే కోడ్‌కే. అందుకే ఆ నిర్ణయం కూడా అక్కడే ఉండాలని నా వాదన. కంప్రెషన్ విషయమూ అంతే. ఇంజిన్ఎక్స్‌లో జీజిప్ డిఫాల్ట్‌గా ఆఫ్. ఆన్ చేసినా టైప్స్ చెప్పకపోతే హెచ్‌టీఎంఎల్‌ని మాత్రమే కుదిస్తుంది. యాప్‌లు ఎక్కువగా వాడే జేసన్‌ని మనమే లిస్టులో చేర్చాలి. పైన చెప్పిన 500 కేబీలో ఎక్కువ భాగం టెక్స్ట్ అయ్యి, 100 కేబీకి తగ్గిందనుకుంటే, బస్సులో ఉన్నవాళ్లకి 2 సెకన్ల పని 0.4 సెకన్లలో అయిపోతుంది. జేపీఈజీ ఫొటోల్లాంటివి ముందే కుదించి ఉంటాయి కాబట్టి వాటి మీద మళ్లీ జీజిప్ వేస్తే ప్రాసెసర్‌కి శ్రమే తప్ప లాభం లేదు.

తప్పు ఫోన్‌దా సర్వర్‌దా తేల్చుకోవడం కష్టం కాదు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, స్పీడ్‌ని 3జీకి తగ్గించి, ఒక రిక్వెస్ట్ టైమింగ్ చూడండి. మొదటి బైట్ కోసం ఎదురుచూసిన టైమ్ ఎక్కువుంటే, నెట్ దూరం కొంత తీసేసినా, చూడాల్సింది ముందు సర్వర్ వైపే. డౌన్‌లోడ్ టైమ్ ఎక్కువుంటే నెట్‌వర్క్ స్లో, లేదా కుదించకుండా పంపిన రెస్పాన్స్. రెండూ తక్కువుండి కూడా పేజీ నత్తనడక నడిస్తే, అప్పుడు ఫోన్‌ని అనుమానించండి.

కొత్త ఫోన్ కొనొద్దని నేననను, ఈ సైట్‌లో అలా అంటే ఊరుకుంటారా! కానీ మీ చేతిలో సర్వర్ ఉంటే, బఫరింగ్ ఆఫ్ చేసే లైన్ కాపీ కొట్టే ముందు హుజూర్‌నగర్ దగ్గర ఒక్క గీత సిగ్నల్‌తో మీ పేజీ ఓపెన్ చేసేవాళ్లని ఒక్కసారి తలుచుకోండి. వాళ్లకి కొత్త ఫోన్ మీరు కొనివ్వలేరు. ఒక్క హెడర్ మాత్రం మీ చేతిలో పనే.