ముగ్గు వేయు చేయి

పోయిన నెలలో నొకనాటి సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు వచ్చి, కూర్చుండకయే మమ్ము ఒక ప్రశ్న యడిగినది. "అక్కయ్యగారూ, మా అమ్మాయి బొమ్మలు వేయడమే చదువుతానని పట్టుబట్టింది. ఇంటరులో మంచి మార్కులు వచ్చాయి. బొమ్మలకు కూడా యూనివర్సిటీ ఎందుకండీ?" ఆ పిల్ల యేటేట సంక్రాంతి ముగ్గుల పోటీలో బహుమతి తెచ్చినపుడు నలుగురికిని చూపి మురిసిపోయినదియు నీ తల్లియే.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఇరువదియేండ్ల క్రిందట మా యింటనే యొక చిన్నది ఇట్టి కోరికయే కోరగా, "ముందు డిగ్రీ కానిమ్ము, బొమ్మలెక్కడికి పోవును?" అని చెప్పినవారము మేమే. డిగ్రీ యైనది, ఉద్యోగమైనది, పెండ్లియు నైనది. కుంచె మాత్రము మరల నామె చేతికి రాలేదు.

గృహస్థుల యాడుపిల్లలు చిత్రలేఖనమును, నాట్యమును విద్యగా నభ్యసించుట యెట్లు మొదలైనదని యా రాత్రి యోచింపగా, మాకు ముందుగా శాంతినికేతనము తలపునకు వచ్చినది. రవీంద్రనాథ ఠాకూరు 1919లో నచ్చట కళాభవనమును స్థాపించెను. నందలాల్ బోసు దానికి ప్రధానాచార్యుడై బహుకాలము నడపెను. ఆ కాలపు సర్కారు చిత్రకళాశాలలలో విద్యార్థులు యవన విగ్రహముల ప్లాస్టరు నకళ్లను ముందుంచుకొని గీయుచుండిరి. ఇచ్చటనో, చెట్టును, గొడ్డును, పొలమునకు పోవు సంతాలు స్త్రీని చూచి గీయుమనిరి. బాలురతో పాటు బాలికలును నేర్చుకొనిరి.

అంతకంటె మాకు ప్రియమైన సంగతి యింకొకటి గలదు. వంగదేశమున వ్రతములనాడు స్త్రీలు నానబెట్టి నూరిన బియ్యపుపిండిలో గుడ్డపేలికను ముంచి, వ్రేలికొనతో నేలపై తీగలను, పద్మములను, లక్ష్మీదేవి యడుగులను తీర్తురు. దానిని ఆల్పన యందురు. మన ముగ్గునకు వలె దానికి చుక్కల లెక్క లేదు. చేయి పోయినదే దారి. ఈ వ్రతముల ముగ్గులను గూర్చి అవనీంద్రనాథ ఠాకూరు 1919లో నొక గ్రంథమే వ్రాసెను. తూర్పు బెంగాలునుండి వచ్చిన సుకుమారీదేవి యను నామె యీ పనిలో ప్రవీణురాలు. ఆమెను కళాభవనమునకు బోధింప బిలిచిరి! గడపలో నేర్చిన పని తరగతిలో పాఠమైనది. సోదరీమణులారా, మనము ప్రొద్దుట వేసి, మధ్యాహ్నమునకు కాళ్లక్రింద చెరిగిపోవుటకు విడిచిపెట్టు గీతను గూర్చి యే పండితుడైనను మన యింటికి వచ్చి యడిగినాడా? నందలాలు కుమార్తె గౌరియు నీ విద్యను నేర్చి, తరువాత నచ్చటనే యుపాధ్యాయిని యయ్యెను.

ఈ గౌరియే 1926లో మఱియొక సాహసమునకు పూనుకొనెను. ఆ యేట ఠాకూరు 'నటీర్ పూజ' యను నాటకము వ్రాసెను. శ్రీమతి యను రాజనర్తకిని స్తూపము నెదుట నాడుమని రాజాజ్ఞ యగును. బుద్ధపూజకు భంగము కలిగించుటకే యా యాజ్ఞ. ఆమె యాడును. ఆడుచు నాభరణముల నొక్కొక్కటిగా తీసివైచి, తుదకు భిక్షుణి వస్త్రముతో నిలిచి, ప్రాణమును కోల్పోవును. శ్రీమతి వేషము గౌరిది. శాంతినికేతనమున నాడిన పిదప 1927 జనవరిలో కలకత్తా జొరాసంకోలో, ఠాకూరుగారి యింట దీనిని మరల నాడిరి. గౌరవకుటుంబముల యాడుపిల్ల పదిమంది యెదుట నాడుట నాటికి తలవంపు. అందుచే నఱువదియైదేండ్ల ఠాకూరు ఉపాలి యను భిక్షువు పాత్రను క్రొత్తగా చేర్చి, తానును రంగముపై నిలిచెను. వృద్ధకవి ప్రక్కన నుండగా నింద వేయువారి నోరు కొంత తగ్గును గదా! పేరును ప్రతిష్ఠయు గల తండ్రి తన బిడ్డను పంపుట తక్కువ మాట కాదు. తల్లి సుధీరాదేవి గుండె యెట్లుండినదో తల్లులే యూహింపగలరు.

ఇచ్చట నొక మాట చెప్పక తీరదు. మన యాంధ్రదేశమున నాట్యమును, అభినయమును తరతరములుగా కాపాడిన స్త్రీలు కళావంతులు. 1947లో మద్రాసు రాష్ట్రమున దేవదాసీ పద్ధతిని చట్టముచే నిషేధించిరి. పద్ధతి పోవుట మంచిదే. కాని నేడు మన పిల్ల గజ్జె కట్టినపుడు చప్పట్లు కొట్టు మనము, ఆ విద్యను నిలిపిన వారి పేరైనను పిల్లకు చెప్పుచున్నామా?

1950లో నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు మూలప్రతి పుటలను చిత్రములతో, అంచులతో నలంకరించినవారు నందలాలును, నాతని శిష్యులును, గౌరియు నందొకతె. మన తెలుగువారిలో కొండపల్లి శేషగిరిరావుగారు శాంతినికేతనమున నభ్యసించి వచ్చి, హైదరాబాదు కళాశాలలో నెందఱికో నేర్పిరి.

విశ్వభారతి 1951లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. నేడు కళాభవనములో చిత్రలేఖనము, శిల్పము, ముద్రణచిత్రములు, కళాచరిత్ర మొదలగునవి నేర్పుదురు. సంగీతభవనములో గానము, నృత్యము, నాటకము. అంత దూరము పంపలేని వారికి హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయములో 1988లో నేర్పడిన సరోజినీ నాయుడు కళాశాఖ యున్నది. 2008లో నేర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము నున్నది. జీతము నిశ్చయమా యని యడుగుదురేమో, కాదు. వస్త్రములకు రూపములు కల్పించువారు, పుస్తకములకు బొమ్మలు వేయువారు, బడులలో బోధించువారు గలరు. చాలకాలము చేతిలో కాసు లేక కష్టపడువారును గలరు. పని సుకుమారమైనదని భ్రమపడవలదు. శిల్పమున కెంచుకొన్న పిల్ల మట్టి మోయవలెను, ఉలి పట్టవలెను. నృత్యము నెంచుకొన్నది తెల్లవాఱక మునుపే లేవవలెను. పెండ్లిచూపులనాడు ఫలహారపు పళ్లెము ప్రక్కన పెట్టి చూపుటకు మాత్రమే కావలసిన విద్యయైనచో, ఇంత శ్రమ యక్కఱలేదు. పోటీల బహుమతులే చాలును.

ఇదంతయు నా యిల్లాలితో చెప్పితిమి. ఆమె శ్రద్ధగా విని, హాస్టలు సంగతియు, ప్రవేశపరీక్ష సంగతియు మాత్రమే యడిగి వెళ్లినది. సరేయని గాని, వల్లకాదని గాని యనలేదు.

మఱి నాలుగు దినములకు తెల్లవారుజామున మేము వాకిలి తీయునప్పటికి, ఆమె వంగి ముగ్గు పెట్టుచుండెను. కూతురు మెట్టుమీద కాగితము నొడిలో నుంచుకొని, పిండి జాఱుచున్న యా చేతిని గీయుచుండెను. "కదలకు అమ్మా" అని పిల్ల యనుచుండగా, "కదలకుండా ముగ్గు ఎట్లా పెట్టమంటావే" అని తల్లి విసుగుకొనుచుండెను. మేము లోపలికి వచ్చి, మా యింటి చిన్నదానికి జాబు వ్రాయ గూర్చుంటిమి.