హైదరాబాదులో బీదల గృహసమస్య

2023వ సంవత్సరము ఆగస్టు నెలలో కోకాపేటయందు హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు వేలము వేసిన భూములలో నొకటి ఎకరమునకు 100 కోట్ల 75 లక్షల రూపాయల ధర పలికెను. అంతకు రెండు నెలలు ముందు, జూనులో, నగరమునకు పడమటనున్న కొల్లూరులో బీదలకై కట్టిన 15,660 యిండ్లకు ప్రారంభోత్సవము జరిగెను. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఈ నగరపు గృహసమస్య యెచ్చట చిక్కువడియున్నదో తేటపడగలదు.

కట్టడపు నిబంధనలను సడలించినచో ఇండ్లు పెరుగుననియు, ఇండ్లు పెరిగిన ధరలు తగ్గుననియు కొందరు వాదించుచున్నారు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని హైదరాబాదునందు ఆ ప్రయోగము జరిగియే యున్నది. 2006వ సంవత్సరపు నిబంధనలు, ఇంత స్థలమున ఇంతకు మించి కట్టరాదను పరిమితిని తొలగించి, భవనముల యెత్తును దారి వెడల్పునుబట్టియు, చుట్టును విడువవలసిన జాగానుబట్టియు నిర్ణయించినవి. పడమటి దిక్కున ఆకాశహర్మ్యములు లేచినవి. వానిని కట్టిన కూలివాడు మాత్రము రేకుల పాకలోనే యున్నాడు. భూమి ధర మిన్నంటియుండగా, దానిపై నెన్ని అంతస్తులు లేపినను అవి ధనవంతుల కొరకే లేచును. కావున అసలు అడ్డంకి భూమియే.

ఈ సంగతి మన శాసనకర్తలకు తెలియనిది కాదు. మిగులు భూమిని బీదల గృహములకు వినియోగింపవలెనను ఆశయము 1976 నాటి పట్టణ భూపరిమితి శాసనమునందు గలదు. అది మినహాయింపులచేతను వ్యాజ్యములచేతను నీరుగారిపోయెను. కేంద్రము 1999లో దానిని రద్దుచేయగా, ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ రద్దు నంగీకరించెను. 2007 నాటి జాతీయ పట్టణ గృహవిధానము, ప్రతి నూతన గృహనిర్మాణమునందును భూమిలో నూటికి పది మొదలు పదునైదు వంతులవరకు బీదలకు ప్రత్యేకింపవలెనని చెప్పినది. విధానము కాగితముపై నున్నది; వేలపుపాట మైదానమున జరుగుచున్నది.

భూవిక్రయమువలన వచ్చు ధనము లేనిదే ప్రజాహిత కార్యములు సాగవని ప్రభుత్వపక్షమువారు చెప్పుదురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. అయినను అమ్మినధనము ఏడాదిలో వ్యయమగును. అమ్మిన నేల తిరిగి రాదు. పైగా ప్రభుత్వమే భూవర్తకుడై హెచ్చుధరకు దారి చూపినప్పుడు ప్రక్కనున్న ప్రతి గజమునకును ఆ ధరయే ప్రమాణమగుచున్నది. నగరభూమిని దీర్ఘకాలపు కౌలుకిచ్చినచో ఆదాయమునకు లోపము రాదు, స్వామ్యము ప్రజలదిగానే నిలుచును.

ఇక తావును గూర్చిన మాట. 2015లో సికింద్రాబాదు ఐ. డి. హెచ్. కాలనీయందు పాత వాడను తీసివేసి, అచ్చటనే 396 యిండ్లు కట్టి, ఆ వాడవారికే యిచ్చిరి. వారి పని, పిల్లల బడి, అప్పుపెట్టు అంగడి చెక్కుచెదరలేదు. కొల్లూరు సంగతి వేరు. నగరమధ్యమున నాలుగిండ్ల పాచిపని చేసుకొను స్త్రీకి అంత దూరమున ఉచితముగా నిల్లు దొరికినను, జీతములో నెంతభాగము దారిఖర్చునకు పోవునో ఆలోచింపవలదా? మెట్రో రైలు మియాపూరుతో నాగిపోవుచున్నది. 2024లో ఆరంభమైన ఇందిరమ్మ గృహపథకమున స్వంతస్థలము గలవారికి 5 లక్షల రూపాయల సాయము గలదు. పల్లెలో నిది మేలే. నగరమున బీదవానికి స్థలమే యుండిన ఇంత గోల యెందుకు?

అద్దెయిండ్లను గూర్చి మన ప్రభుత్వములు మరచియే పోయినవి. పొట్టకూటికై నేడు వచ్చి రేపు మరియొక చోటికి పోవువానికి పట్టాకంటె న్యాయమైన అద్దె ముఖ్యము. 1908 నాటి మూసీ వరదల యనంతరము 1912లో నేర్పడిన నగరాభివృద్ధి మండలి మురికివాడలను తొలగించి నాంపల్లి మొదలగు చోట్ల సామాన్యులకు ఇండ్లు కట్టించెను. వియన్నా పురపాలకులు 1923లో గృహనిర్మాణపు పన్ను విధించి, 1934 నాటికి 60,000కు పైగా అద్దెయిండ్లను నిర్మించిరి. రాజరికమునందును, యుద్ధమున చితికిన నగరమునందును సాధ్యమైనది ప్రజాప్రభుత్వమునకు అసాధ్యము కానేరదు. అద్దె చెల్లింపగలిగినను కులమడిగి, మతమడిగి, ఒంటరి స్త్రీయని సందేహించి తలుపు మూయు దురాచారము వేరొకటి గలదు. స్వతంత్రదేశమున దీనిని శిక్షార్హము చేయుట విధి.

కావున మేము కోరునవి స్పష్టము. వేలము వేయు ప్రతి ప్రభుత్వభూమిలో ముందుగా బీదల వంతు తీసియుంచవలెను. వాడలను వీలైనంతవరకు ఉన్నచోటనే పునర్నిర్మింపవలెను. నదీగర్భమువంటి అపాయస్థలమునుండి తరలింపక తప్పనిచో ముందు ఇల్లు చూపి, పిమ్మట గోడ పడగొట్టవలెను. పురపాలకసంఘమే అద్దెయిండ్లు కట్టి నడుపవలెను. వీనిలో ఏదియు ఖజానాను ముంచునది కాదు. నగరమును చెమటోడ్చి కట్టినవారికి అందు నిలువనీడ చూపలేని యభివృద్ధి ఎవరి యభివృద్ధియో పాలకులే ప్రజలకు చెప్పవలసియున్నది.