ఇంటి ముంగిట తయారయ్యే ట్రక్కు



కోతలు దగ్గరపడితే మన పల్లెల్లో వెల్డింగు షాపుల ముందు కొత్త ట్రాక్టరు ట్రక్కులు కనిపిస్తాయి. కొందరు యువకులు ఇనుము కొని తెచ్చి ఇంటి ముంగిటనే చేయించుకొంటున్నారు. డొంకల్లో, దుక్కిలో, కాలువ గట్లమీద తిరగడానికి మన అవసరానికి తగినట్లు బండి చేసుకొనడం మంచిదే. అయితే ఇనుము అతికినంత మాత్రాన అది బండి కాదు.

మొదటిది తూకము. ఎద్దుల బండి తోలిన పెద్దలకు ఇది తెలుసు. ముందు బరువెక్కితే ఎడ్ల మెడమీద పడుతుంది, వెనుక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది. రెండు చక్రాల ట్రక్కుకూ ఇదే వర్తిస్తుంది. ఇరుసును తొట్టికి సరిగ్గా నడుమ కాక కొంచెం వెనుకకు పెట్టాలి. అప్పుడు కొంత బరువు కొక్కెం మీద పడి, ట్రాక్టరు పెద్ద చక్రాలు నేలను గట్టిగా పట్టుకొంటాయి. కొక్కెమును ట్రాక్టరు వెనుక ఇరుసుకంటె ఎత్తున తగిలించరాదు. అలా తగిలించి బరువు లాగితే ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి తిరగబడవచ్చును.

రెండవది వెడల్పు. గట్టు ఒరిగిన చోట బండిని నిలబెట్టేది రెండు చక్రాల మధ్యనున్న ఎడము. ఎక్కువ సరుకు పట్టాలని పక్క పలకలు ఎత్తు పెంచితే బరువు పైకి పోయి బండి సులభంగా బోల్తా పడుతుంది.

మూడవది చట్రము. ఛానలు బలము ముఖ్యముగా పై అంచులోను, కింది అంచులోను ఉంటుంది. కావున బోల్టు రంధ్రాలు నిలువు భాగంలోనే వేయించండి, అంచులను కోయనివ్వకండి. నొగ చట్రముతో కలిసే చోట వెల్డింగు పగిలిందేమో అప్పుడప్పుడు చూడాలి. పిన్ను జారినా ట్రక్కు విడిపోకుండ గొలుసు ఉండాలి. లేచిన తొట్టి కింద పని చేయవలసివస్తే, ముందు గట్టి ఊత పెట్టండి. నూనె గొట్టం పగిలితే తొట్టి ఒక్కసారిగా పడుతుంది. తొట్టి లేపేముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూడండి. వెనుక ఎర్ర రిఫ్లెక్టర్లు లేని ట్రక్కు చీకట్లో మోటారు సైకిలు మీద వచ్చేవానికి కనబడదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టము ట్రైలరును కూడ మోటారు వాహనముగానే ఎంచుతుంది. గనుక ఇనుము కొనకముందే రవాణా శాఖ కార్యాలయంలో రిజిస్ట్రేషను సంగతి విచారించండి. కాగితాలు లేని బండికి ప్రమాదం జరిగితే పరిహారపు భారం యజమాని కుటుంబము మీద పడవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది మనుష్యుల ప్రాణము. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ స్త్రీలే. పొలం పనికి బయలుదేరిన తల్లులు ఇంటికి తిరిగి రాలేదు. మనమూ పెండ్లిండ్లకు, సభలకు పిల్లాపాపలతో ట్రక్కెక్కడం అలవాటు చేసుకొన్నాము. ఆటోకో బస్సుకో అయ్యే ఖర్చు పేదవారికి బరువే, నిజమే. అది తలా కొంత వేసుకొంటే తీరేది. పోయిన ప్రాణము అలా తీరేది కాదు.

తల్లులారా, మీ ముంగిట ట్రక్కు తయారైన రోజున మీ కుమారులకు ఈ మాట చెప్పండి: "ఇందులో ధాన్యము, ఎరువు, గడ్డి ఎక్కవచ్చును. మనుష్యులను మాత్రము ఎక్కించకు నాయనా."